కనెక్షన్ ఇచ్చిన రోజున ఒక్కసారి: ఇళ్ల వైరింగుకు రెండో పరీక్ష ఎందుకు జరగడం లేదు

క్లుప్తంగా: కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు భవనం వైరింగును ఒకసారి పరీక్షించాలి. ఆ తరువాత అయిదేళ్లకు మించని వ్యవధిలో మళ్లీ మళ్లీ పరీక్షించాలని దేశంలో 1956 నుంచీ నిబంధన ఉంది. ఇళ్లలో, చిన్న దుకాణాల్లో అది దాదాపుగా అమలు కావడం లేదు. వైరింగులోని ప్రమాదకరమైన లోపాలు కంటికి కనబడకుండా, ఎంసీబీకి (కరెంటు పరిమితి దాటితే సరఫరా ఆపేసే స్విచ్చికి) అందకుండా ముదురుతాయి కాబట్టి ప్రాణాలు కాపాడేది ఆ రెండో పరీక్షే. కొన్ని దేశాలు దాన్ని అద్దె, అమ్మకం వంటి సందర్భాలకు ముడిపెట్టి అమలు చేస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో అటువంటి ముడి ఇంకా పడలేదు.

2025 మే 18న హైదరాబాదు చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనం అంటుకుని 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. అంతకు రెండేళ్ల ముందు, 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు ఊపిరాడక మరణించారు. రెండు చోట్లా మొదట వినిపించిన అనుమానం షార్ట్ సర్క్యూట్. ఆ మాట వెలువడ్డాక చర్చ ఇరుకు మెట్ల మీదికీ, అగ్నిమాపక అనుమతుల మీదికీ మళ్లుతుంది. అవి చర్చించవలసినవే. అయితే ఆ భవనంలోని వైరింగును చివరిసారి ఎవరు, ఎప్పుడు, ఏ పరికరంతో పరీక్షించారని అడిగేవారు అరుదు. అడిగినా జవాబు చెప్పే కాగితం చాలా భవనాల్లో ఉండదు.

విద్యుదాఘాతం వల్ల దేశంలో ఏటా పది వేలమందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల బ్యూరో నివేదికలు చూపుతున్నాయి. తెగిపడిన తీగలు, పొలాల్లోని మోటార్లు కూడా అందులో కలిసి ఉన్నాయి. ఈ వ్యాసం భవనాల లోపలి వైరింగుకే పరిమితం.

## మంటకు మూలం చాలాసార్లు షార్ట్ సర్క్యూట్ కంటే ముందే ఉంటుంది

ఫేజు తీగ, న్యూట్రల్ తీగ నేరుగా తగిలితే వందల, వేల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా ప్రవహిస్తుంది. సరైన ఎంసీబీ ఉంటే సెకనులో కొన్ని వందో వంతుల్లో అది పడిపోతుంది. తీగ వేడెక్కి చుట్టూ అంటుకునేంత వ్యవధి ఉండదు. ఎంసీబీ సవ్యంగా ఉన్న భవనంలో కూడా మంటలు పుడుతున్నాయంటే, తీగలు తగలడానికి చాలా ముందే వేడి మొదలై ఉండవచ్చు. ఆ వేడికి తొడుగు కరిగి, తీగలు బయటపడి, చివర్లో షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దర్యాప్తులో దొరికేది ఆ చివరి ఆనవాలు. మొదటి కారణం బూడిదలో కలిసిపోతుంది.

ఆ మొదటి కారణాల్లో ముఖ్యమైనది సడలిన జాయింటు. స్విచ్ బోర్డు వెనుక, ఎంసీబీ టెర్మినల్ దగ్గర, ఏసీ ప్లగ్గు టాపులో తీగను పట్టి ఉంచే మర కాలక్రమంలో పట్టు తప్పుతుంది. కరెంటు పారినప్పుడు తీగ వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆపినప్పుడు సంకోచిస్తుంది. ఏళ్ల తరబడి రోజూ ఇదే జరిగితే బిగువు పోతుంది. పాత ఇళ్లలోని అల్యూమినియం తీగలకు ఈ గుణం ఎక్కువ. పైగా అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర కరెంటును అడ్డుకుంటుంది.

దీని తీవ్రతను ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. గట్టిగా బిగించిన జాయింటు నిరోధం ఓములో వెయ్యో వంతుల్లో ఉంటుంది కాబట్టి అక్కడ పుట్టే వేడి ఒక వాటుకు కూడా చేరదు. అదే జాయింటు సడలి నిరోధం అర ఓముకు పెరిగితే, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే దాదాపు 38 వాట్లు వస్తుంది. ఫోన్లు బాగుచేసే చోట సీసాన్ని కరిగించే టంకం కడ్డీ సామర్థ్యం సుమారు అంతే. అంత వేడి చిటికెన వేలి గోరంత చోటులో, ప్లాస్టిక్ పెట్టె లోపల, రోజూ స్నానాల వేళ పుడుతూ ఉంటుంది. ఎంసీబీ దృష్టిలో అక్కడ ఏ తప్పూ లేదు. దాని గుండా వెళుతున్నది 8.7 ఆంపియర్లే, దాని పరిమితి 16. నిజానికి సడలిన జాయింటు వల్ల కరెంటు కాస్త తగ్గుతుందే తప్ప పెరగదు. కాబట్టి ఎంత ఖరీదైన ఎంసీబీ అయినా ఈ లోపాన్ని పట్టుకోలేదు. పెట్టె తెరిచి చూసిన మనిషి, మర తిప్పి చూసిన స్క్రూడ్రైవరు, లోడు మీద ఉన్నప్పుడు వేడిని చూపే థర్మల్ కెమెరా పట్టుకుంటాయి. అంటే తనిఖీ ఒక్కటే పట్టుకుంటుంది.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా థియేటర్లో 59 మందిని బలిగొన్న అగ్నిప్రమాదానికి మూలం ఇలాంటి జాయింటే. థియేటరు నేల అంతస్తు పార్కింగు పక్కన ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ రోజు ఉదయమే లోపం తలెత్తింది. కేబులు కొసను బిగించడానికి క్రింపింగు యంత్రం వాడకుండా సుత్తితో కొట్టి మరమ్మతు ముగించారని విచారణలో తేలింది. బిగువు చాలని ఆ కేబులు సాయంత్రానికి నిప్పురవ్వలు రాల్చి ఊడిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ రేడియేటరుకు తగిలి రంధ్రం చేసింది, నూనె కారి అంటుకుంది. పొగ పై అంతస్తుల్లోకి ఎక్కింది. ఉదయం జరిగిన మరమ్మతుకూ సాయంత్రం జరిగిన ఘోరానికీ మధ్య కొన్ని గంటలు ఉన్నాయి. ఆ గంటల్లో ఆ పనిని మరొకరు పరీక్షించి సరే అనవలసిన ఏర్పాటు లేదు.

## వేసవి, వాన, రాతినేల

తీగ మోయగల కరెంటు స్థిరమైన అంకె కాదు. చుట్టూ ఉన్న వేడిని బట్టి అది మారుతుంది. సాధారణ పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునేలా తయారవుతుంది. 30 డిగ్రీల వాతావరణంలో 20 ఆంపియర్లు మోసే తీగ, 50 డిగ్రీల వద్ద 14 ఆంపియర్లకు పడిపోతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పై అంతస్తు స్లాబులో పూడ్చిన పైపులోని తీగ చుట్టూ 50 డిగ్రీలు ఉండడం వింత కాదు. ఆ తీగకు 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే, తీగ తాళలేని కరెంటును కూడా అది అడ్డు చెప్పకుండా పంపుతుంది. ఎంసీబీ తన పరిమితిని కాస్త దాటినా వెంటనే పడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను గంటసేపు మోసినా పడనక్కర్లేదని ప్రమాణాలే చెబుతాయి.

ఏసీల వాడకం తారస్థాయికి చేరేది కూడా ఆ నెలల్లోనే. ఇరవై ఏళ్ల కిందట రెండు ఫ్యాన్లు, నాలుగు ట్యూబులైట్లు, ఒక టీవీ లెక్కన వేసిన వైరింగు మీద ఇప్పుడు రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ పొయ్యి, వాషింగ్ మెషీను నడుస్తున్నాయి. కొన్ని ఇళ్లలో వాకిట్లోని ప్లగ్గుకు ఎలక్ట్రిక్ స్కూటరు కూడా చేరింది. బిల్లు మారింది, మంజూరైన లోడు కాగితం మీద మారింది. గోడలోని తీగ అదే.

వానాకాలం తెచ్చే సమస్య వేరు. గోడలో చెమ్మ దిగి జంక్షన్ బాక్సులోకి చేరితే తీగల తొడుగు నిరోధం, అంటే కరెంటును బయటికి కారనివ్వని గుణం, పడిపోతుంది. వాన తగ్గాక గోడ ఆరి, లోపం మాయమైనట్టు కనబడుతుంది. అందుకే తొడుగు నిరోధాన్ని తేమ ఉన్న రోజుల్లో కొలిస్తే నిజం బయటపడుతుంది. ఎర్తింగు పరీక్ష దీనికి పూర్తిగా వ్యతిరేకం. మట్టి తడిగా ఉన్నప్పుడు ఎర్త్ పిట్ (ఎర్తింగు గొట్టం పాతిన గుంత) నిరోధం తక్కువగా, మంచిగా కనబడుతుంది. నేల ఎండినప్పుడు పెరుగుతుంది. కాబట్టి దాన్ని ఎండాకాలంలో కొలవాలి. ఇక్కడ నేల తేడా కూడా పెద్దది. కోనసీమ బంకమట్టిలో దిగేసిన ఎలక్ట్రోడుకు సులభంగా తక్కువ నిరోధం వస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైట్ రాతినేలలోనో, రాయలసీమ గుట్టల దగ్గరో అదే లోతుకు అదే గొట్టం వేస్తే అంకె ఎన్నో రెట్లు ఎక్కువ రావచ్చు. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయడం ఆ అంకెను కొన్నాళ్లు తగ్గిస్తుంది. ఆ తరువాత పిట్‌ను పట్టించుకునేవారు లేకపోతే ఉప్పు కరిగిపోతుంది, గొట్టం తుప్పు పడుతుంది, తీగ ఊడిపోతుంది. ఇంట్లో లైట్లు మాత్రం మామూలుగానే వెలుగుతుంటాయి. ఎర్తింగు లేకపోయినా ఏ ఉపకరణమూ ఆగిపోదు. అందువల్ల అది లేదన్న సంగతి షాకు కొట్టేదాకా తెలియదు.

## ఎర్తింగు ఉంటే సరిపోతుందా?

సరిపోదు. ఇది చాలామందికి కొత్తగా అనిపించే విషయం కాబట్టి లెక్కతో సహా చూడాలి.

గీజరు లోపల ఫేజు తీగ దాని లోహపు ఒంటికి తగిలిందనుకుందాం. ఎర్త్ పిట్ నిరోధం 20 ఓములు. 230ని 20తో భాగిస్తే, నేలలోకి పారే కరెంటు గరిష్ఠంగా 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది మామూలు లోడులాగే కనబడుతుంది. అది పడదు. గీజరు ఒంటి మీద దాదాపు పూర్తి వోల్టేజి నిలిచి ఉంటుంది. తడి చేత్తో కొళాయి ముట్టుకున్న మనిషి గుండె లయ తప్పడానికి 30 మిల్లీ ఆంపియర్లకు పైబడిన కరెంటు కొద్ది సెకన్లు పారితే చాలు. 16 ఆంపియర్లు అందులో అయిదు వందల రెట్లకు పైమాటే. ఎంసీబీ రక్షించేది తీగను. మనిషిని రక్షించడం దాని పని కాదు.

ఆ పని ఆర్‌సీసీబీది. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది నిరంతరం పోల్చి చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, అంటే ఎక్కడో నేలలోకి కారుతోందని తేలితే, సెకనులో మూడో వంతు లోపే సరఫరా ఆపేస్తుంది. తేడా అయిదు రెట్లయితే 40 మిల్లీ సెకన్లలో ఆపాలి. పై ఉదాహరణలో గీజరులో లోపం పుట్టిన క్షణానే, ఎవరూ ముట్టుకోకముందే అది పడిపోతుంది. ఎర్తింగు, ఆర్‌సీసీబీ రెండూ ఉంటేనే ఇది సాధ్యం. నిర్ణీత లోడు దాటిన గృహ కనెక్షన్లకు 30 మిల్లీ ఆంపియర్లకు మించని ఇటువంటి రక్షణ పరికరం ఉండాలని కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి.

అయితే పెట్టిన ఆర్‌సీసీబీని తప్పించేయడం కూడా మామూలే. ఇన్వర్టరు అమర్చేటప్పుడు దాని సర్క్యూట్ల న్యూట్రల్‌ను మిగతా ఇంటి న్యూట్రల్‌తో కలిపేస్తారు. వెళ్లిన కరెంటు ఒక దారిన, తిరిగి వచ్చే కరెంటు మరో దారిన పోవడంతో ఆర్‌సీసీబీకి తేడా కనబడి మాటిమాటికీ పడిపోతుంది. తప్పు వైరింగుది. నింద పరికరానిది. రాత్రిపూట పిలిచిన ఎలక్ట్రీషియను దాన్ని దాటవేసి తీగ నేరుగా కలిపి వెళతాడు. లైట్లు వెలుగుతాయి, అందరూ సంతోషిస్తారు. డబ్బా పైకి యథాతథంగా ఉంటుంది కాబట్టి ఇంట్లో రక్షణ పోయిందని కొత్తగా అద్దెకు దిగినవారికి తెలిసే మార్గం లేదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. ఎర్త్ తీగ లేని పాత ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి, న్యూట్రల్ నుంచి చిన్న తీగ ముక్క తీసి ఎర్త్ పిన్నుకు కలపడం. టెస్టరు పెట్టి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. ఎప్పుడైనా స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ తెగితే, ఆ ప్లగ్గుకు తగిలించిన ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మెషీను ఒళ్లు అన్నీ ఫేజు వోల్టేజిలోకి వస్తాయి. రక్షణ కోసం ఉన్న పిన్నే కరెంటును మోసుకొస్తుంది.

## మెగ్గర్ చెప్పేది, టెస్టరు చెప్పలేనిది

ఎలక్ట్రీషియను జేబులోని టెస్టరు ఒక చోట వోల్టేజి ఉందో లేదో చెబుతుంది. మల్టీమీటరు చిన్న బ్యాటరీతో పనిచేస్తుంది. బలహీనపడిన తొడుగు ఆ కొద్ది వోల్టుల దగ్గర నిక్షేపంగా కనబడి, 230 వోల్టుల దగ్గర కారుతుంది. అందుకే తొడుగు నిరోధాన్ని మెగ్గర్‌తో 500 వోల్టుల డీసీ పంపి కొలుస్తారు. మెయిన్ ఆపి, ఉపకరణాలన్నీ ప్లగ్గుల నుంచి తీసి, ఎల్‌ఈడీ దీపాల వంటి ఎలక్ట్రానిక్ లోడ్లను వేరుచేసి, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఆ రెంటికీ ఎర్త్‌కూ మధ్య కొలవాలి. ఇప్పటి ప్రమాణం ప్రకారం కనీసం ఒక మెగా ఓము రావాలి. పాత ప్రమాణంలో లెక్క వేరు. 50ని ఇంట్లోని పాయింట్ల సంఖ్యతో భాగించేవారు, అయితే మొత్తం మీద ఒక మెగా ఓముకు మించి అడిగేవారు కాదు.

ఒకసారి కొలిచిన అంకె కంటే రెండుసార్ల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. కొత్త ఇంట్లో 200 మెగా ఓములు చూపిన సర్క్యూటు అయిదేళ్లకు 5 మెగా ఓములకు దిగిందంటే నిబంధన ప్రకారం పాసే. కానీ ఆ సర్క్యూటులో ఏదో చెడుతోందని అనుభవజ్ఞుడికి వెంటనే అర్థమవుతుంది. పాత అంకె లేకపోతే 5 అనేది ఊరికే 5.

మిగతా పరీక్షలు త్వరగా అయ్యేవే. ఎర్త్ తీగ ప్రతి ప్లగ్గు దాకా తెగకుండా వచ్చిందా అని చూడాలి. స్విచ్చి ఫేజులోనే ఉందా అన్నది మరొకటి. న్యూట్రల్‌లో ఉంటే స్విచ్చి ఆపినా ఫ్యాను తీగల్లో కరెంటు ఉంటుంది, బల్బు మార్చబోయిన చేతికి తగులుతుంది. ఎర్త్ లూపు నిరోధాన్ని, అంటే లోపం పుట్టినప్పుడు కరెంటు ఎర్త్ గుండా తిరిగి వెళ్లే దారి మొత్తం నిరోధాన్ని, పరికరంతో కొలుస్తారు. ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీ సెకన్లలో పడుతోందో కూడా పరికరంతో చూస్తారు. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కడం మంచి అలవాటే, లోపలి యంత్రాంగం బిగుసుకుపోకుండా ఉంటుంది. అయితే ఆ బటన్ పరికరం లోపలే కృత్రిమంగా తేడా పుట్టిస్తుంది. ఇంట్లో ఎర్తింగు అసలే లేకపోయినా బటన్ నొక్కగానే పడిపోతుంది. కాబట్టి బటన్ పనిచేసిందంటే పరికరం బాగుందని అర్థం, ఇల్లు బాగుందని కాదు.

## 1956 నుంచీ ఉన్న నిబంధన

1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 46వ నిబంధన ఈ విషయాన్ని సూటిగానే చెప్పింది. సరఫరాకు కలిపిన ప్రతి ఇన్‌స్టలేషన్‌ను (వినియోగదారుడి వైపు వైరింగు, పరికరాలను) అయిదేళ్లకు మించని వ్యవధిలో ఇన్‌స్పెక్టరు గానీ, ప్రభుత్వం ఆదేశిస్తే సరఫరాదారు గానీ తనిఖీ చేసి పరీక్షించాలి. 2003 విద్యుత్ చట్టం వచ్చాక, 2010లో కేంద్ర విద్యుత్ అథారిటీ తెచ్చిన భద్రతా నిబంధనల్లోనూ ఈ అయిదేళ్ల గడువు కొనసాగింది. ఆ నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. అంటే చట్టంలో ఖాళీ లేదు.

ఖాళీ ఉన్నది బాధ్యతలో. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) బాధ్యత ఆచరణలో మీటరు దగ్గర ఆగిపోతుంది. కొత్త కనెక్షన్‌కు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ఇచ్చే టెస్ట్ రిపోర్టు తీసుకుంటారు. ఆ తరువాత సిబ్బంది ఇంటికి వచ్చేది రీడింగుకు, లోడు లెక్క చూడడానికి, బకాయిలకు. అదనపు లోడు క్రమబద్ధీకరణ ప్రధానంగా రుసుము వ్యవహారం. పెరిగిన లోడును ఆ ఇంటి తీగలు మోయగలవా అన్న పరీక్ష అందులో భాగం కాదు. ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి కార్యాలయాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అయితే వాటి దృష్టి హైటెన్షన్ కనెక్షన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు, బహుళ అంతస్తుల భవనాలు, సినిమా హాళ్ల మీద ఉంటుంది. కోట్లలో ఉన్న గృహ కనెక్షన్లను ఆ సిబ్బందితో అయిదేళ్లకోసారి చూడడం జరిగే పని కాదు.

ఈ వాస్తవాన్ని గుర్తించే నిబంధనల్లో స్వీయ ధ్రువీకరణకు చోటిచ్చారు. ప్రభుత్వం నోటిఫై చేసిన వోల్టేజి వరకు యజమానే తన ఇన్‌స్టలేషన్‌ను పరీక్షింపజేసి ధ్రువీకరించవచ్చు. అందుకు సాయపడటానికి చార్టర్డ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ ఇంజనీర్లు అనే వర్గాన్ని కూడా గుర్తించారు. తనిఖీ పేరుతో వేధింపులు ఉండకూడదన్న ఉద్దేశం సమంజసమే. పెద్ద కర్మాగారం దీన్ని సక్రమంగా వాడుకోగలదు, దానికి సొంత ఇంజనీర్లు ఉంటారు, బీమా సంస్థ అడుగుతుంది. వీధి చివర మూడంతస్తుల ఇల్లు కట్టి అద్దెకిచ్చిన యజమానికి మాత్రం తాను ధ్రువీకరించాలన్న సంగతే తెలియదు. ఆ పత్రాన్ని అడిగేవారూ లేరు. స్వీయ ధ్రువీకరణ ఆయన విషయంలో ఏ ధ్రువీకరణా లేకపోవడంతో సమానమవుతోంది.

15 మీటర్లు దాటిన భవనాలకు నిబంధనలు కాస్త గట్టిగా ఉన్నాయి. విద్యుత్ కేబుళ్లు వెళ్లే నిలువు డక్టులో ఇతర పైపులు ఉండకూడదు. ప్రతి అంతస్తు దాటే చోటా మంటను ఆపే అడ్డుకట్ట ఉండాలి. ఇది చాలా కీలకం. డక్టు తెరిచి ఉంటే కింది అంతస్తు పొగ చిమ్నీలో ఎక్కినట్టు పైకి ఎక్కుతుంది. ఆ తరువాత ఇంటర్నెట్ కేబులు లాగడానికి వచ్చినవారు ఆ అడ్డుకట్టకు రంధ్రం చేసి వదిలేస్తే, మొదట్లో ఇచ్చిన ఆమోదానికి విలువ పోతుంది. ఆ ఎత్తుకు లోబడిన అపార్ట్‌మెంట్లలో మీటర్ల ప్యానెలు తరచూ స్టిల్టు పార్కింగులో, మెట్ల కింద, బండ్ల పక్కన ఉంటుంది. అక్కడ మంట పుడితే అందరూ దిగవలసిన ఒకే ఒక్క దారి పొగతో నిండుతుంది.

## ఇతర దేశాల్లో ముడి ఎక్కడ పడింది

జపాన్‌లో బాధ్యత సరఫరా వైపు ఉంది. ఇళ్లు, చిన్న దుకాణాల ఇన్‌స్టలేషన్లను నాలుగేళ్లకోసారైనా పరిశీలించాలని అక్కడి విద్యుత్ చట్టం చెబుతుంది. పంపిణీ సంస్థ తరఫున గుర్తింపు పొందిన సంస్థల సిబ్బంది ఇంటికి వచ్చి తొడుగు నిరోధం గానీ కారే కరెంటు గానీ కొలిచి ఫలితం చెబుతారు.

ఇంగ్లండ్ అద్దెను పట్టుకుంది. 2020 నాటి నిబంధనల ప్రకారం ప్రైవేటు అద్దె ఇళ్లలో కనీసం అయిదేళ్లకోసారి అర్హులైన వ్యక్తితో పరీక్ష చేయించాలి. 2020 జులై 1 నుంచి కొత్త అద్దె ఒప్పందాలకు, 2021 ఏప్రిల్ 1 నుంచి పాతవాటికి ఇది వర్తించింది. నివేదికలో ప్రతి లోపానికి ఒక కోడ్ ఇస్తారు. సీ1 అంటే ప్రమాదం ఇప్పుడే ఉంది, సీ2 అంటే ప్రమాదంగా మారగలదు, సీ3 అంటే మెరుగుపరిస్తే మంచిది. మొదటి రెండింటిలో ఏది వచ్చినా 28 రోజుల్లో, అవసరమైతే ఇంకా ముందే, బాగుచేయించాలి. నివేదిక ప్రతి అద్దెదారుకు ఇవ్వాలి. ఉల్లంఘనకు జరిమానా 30 వేల పౌండ్ల వరకు అని ఆ నిబంధనలు పెట్టాయి. అక్కడ అద్దెకుంటున్న తెలుగు కుటుంబాలకు కూడా ఆ నివేదిక అడిగే హక్కు ఉంది. సొంత ఇంట్లో ఉండేవారిపై మాత్రం అక్కడా ఈ నిర్బంధం లేదు.

ఫ్రాన్స్ దారి మరొకటి. 2009 నుంచి, పదిహేనేళ్లు దాటిన వైరింగు ఉన్న ఇల్లు అమ్మేటప్పుడు యజమాని విద్యుత్ పరిశీలన నివేదిక జతచేయాలి. లోపాలు బాగుచేసి తీరాలని ఆ నివేదిక శాసించదు. కొనేవారికి నిజం తెలుస్తుంది, ధర మీద బేరం జరుగుతుంది.

మూడు పద్ధతుల్లోనూ పరీక్ష సాంకేతికంగా దాదాపు ఒకటే. తేడా అంతా దాన్ని ఎవరు అడుగుతారన్న దానిలో ఉంది. ఒక చోట సరఫరా సంస్థ, మరో చోట అద్దె ఇళ్ల నిబంధనలను అమలు చేయించే స్థానిక మండలి, ఇంకో చోట కొనుగోలుదారు. మన నిబంధనల్లో గడువు ఉంది, పరీక్ష ఉంది, అడిగే మనిషి లేడు.

## తెలుగు రాష్ట్రాల్లో సాధ్యమైన సందర్భాలు

కొత్త చట్టం లేకుండానే ముడిపెట్టగల సందర్భాలు చాలా ఉన్నాయి. లోడు పెంచమని వినియోగదారుడే దరఖాస్తు చేసే రోజు అన్నిటికంటే అనువైనది. భారం పెరుగుతోందని అతడే లిఖితపూర్వకంగా చెబుతున్నాడు కాబట్టి పరీక్ష అడగడానికి అంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. కనెక్షన్ పేరు మార్పు, ఇంటి కనెక్షన్‌ను వాణిజ్య కేటగిరీకి మార్చడం కూడా అలాంటివే. ఇంట్లో నడిచే నర్సింగ్ హోములు, హాస్టళ్లు, కోచింగ్ కేంద్రాలకు ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు మునిసిపాలిటీ ఈ నివేదిక అడగవచ్చు. నిద్రపోతున్న జనం ఎక్కువమంది ఉండే చోట్ల నుంచి మొదలుపెట్టడం న్యాయం.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం ఇంకో అవకాశం తెచ్చింది. పైకప్పు సౌర ఫలకాలు అమర్చాక నెట్ మీటరు బిగించడానికి డిస్కం సిబ్బంది ఇంటికి రావలసిందే. బోర్డు తెరిచే ఉంటుంది, సౌర వ్యవస్థకు ఎర్తింగు ఎలాగూ చూడాలి. అదే పూట ఇంటి పాత వైరింగుకు మెగ్గర్ పట్టడం పెద్ద అదనపు శ్రమ కాదు.

రెండు అడ్డంకులు మాత్రం నిజమైనవి. మొదటిది మనుషుల కొరత. వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజరు సర్టిఫికెట్ ఉన్నవారిలో ఎర్త్ లూపు పరీక్షా పరికరం, ఆర్‌సీసీబీ టెస్టరు సొంతంగా ఉన్నవారు ఎందరన్నది ఆలోచించవలసిన విషయం. వైరింగు వేయడం ఒక పని, వేసినదాన్ని పరీక్షించడం మరో పని. ఐటీఐ శిక్షణలో రెండోదానికి చోటు పెరగాలి. రెండో అడ్డంకి కాగితపు పరీక్ష. పరీక్ష తప్పనిసరి అయిన చోటల్లా ఇల్లు చూడకుండా సంతకం అమ్మేవారు పుట్టుకొస్తారు. కొత్త కనెక్షన్ల టెస్ట్ రిపోర్టుల్లోనే, సంతకం చేసినవారే పని చూశారన్న హామీ లేదు.

రెండో అడ్డంకికి కొంత విరుగుడు నివేదిక రూపంలోనే ఉంది. ‘వైరింగు సంతృప్తికరంగా ఉంది’ అన్న ఒక్క వాక్యానికి బదులు ప్రతి సర్క్యూటుకు విడిగా అంకెలు రాయాలి. తొడుగు నిరోధం ఎన్ని మెగా ఓములు, ఎర్త్ లూపు ఎన్ని ఓములు, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీ సెకన్లలో పడింది, ఏ పరికరంతో కొలిచారు, ఆ పరికరాన్ని ఎప్పుడు సరిచూశారు, పరీక్షించకుండా వదిలేసిన గదులు ఏవి. మనసులో ఊహించి రాసిన అంకెలు అన్ని సర్క్యూట్లకూ ఒకేలా ఉంటాయి, నిజంగా కొలిచినవి ఒకదానికొకటి పొసగవు. పదేసి నివేదికల్లో ఒకదాన్ని మళ్లీ కొలిచినా తేడా దొరికిపోతుంది. ఆ అంకెలు డిస్కం సర్వీసు నంబరు కింద భద్రమైతే ఇల్లు చేతులు మారినా చరిత్ర పోదు. ప్రమాదం జరిగినప్పుడు విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద విచారణకు వచ్చే ఇన్‌స్పెక్టరుకు కాలిన తీగతో పాటు, అది కాలక ముందు ఎలా ఉందో చెప్పే పత్రం కూడా దొరుకుతుంది.